చేతిలోని గాదె: ఫోను ఎంపికలో గోప్యత, నిల్వ

చేతిఫోను కొనడానికి వెళ్లినవారు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది, వాయిదాలు ఎన్ని నెలలు అని అడగడం పరిపాటి. ఆ ఫోనులో దాచుకొనే సందేశాలు, ఫొటోలు, లెక్కలు అందులోనే ఉంటాయా, లేక కొన్నవారికి తెలియకుండా మరో చోటికి చేరతాయా అన్న ప్రశ్న కొట్టులో అరుదుగా వినబడుతుంది. ఈ ప్రశ్నలో రెండు భావనలు కలిసి ఉన్నాయి. మొదటిది గోప్యత, అంటే ఒక మనిషి తనకు సంబంధించిన సమాచారం ఎవరికి, ఎంతవరకు, ఏ పని కోసం తెలియాలో తానే నిర్ణయించుకోగలగడం. రెండవది స్థానిక నిల్వ, అంటే ఇంటర్నెట్టుతో నిమిత్తం లేకుండా ఫోను లోపలనో, దానిలో అమర్చిన కార్డులోనో సమాచారం దాచుకొనే చోటు. వాడుకలో దీనినే మెమరీ అనీ స్టోరేజీ అనీ అంటున్నారు. ఈ రెండింటినీ వేర్వేరు లక్షణాలుగా లెక్కించడం ప్రకటనలు నేర్పిన అలవాటు. నిల్వ చాలని ఫోను తన యజమాని చేతనే గోప్యతను వదిలిస్తుందన్న సంగతి ఆ ప్రకటనలలో కనబడదు.

అది జరిగే తీరు సామాన్యమైనది. 64 జీబీల నిల్వ గల ఫోనును రెండేళ్లు వాడేసరికి చోటు నిండిపోతుంది. సంక్రాంతికి ముగ్గుల ముందు పిల్లల ఫొటో తీయబోతే చోటు లేదన్న హెచ్చరిక తెరపై పడుతుంది. ఆ హెచ్చరిక కిందనే పాత ఫొటోలను క్లౌడ్‌కు తరలించి ఫోనును ఖాళీ చేస్తామన్న మీట కూడా సిద్ధంగా ఉంటుంది. క్లౌడ్ అంటే మబ్బు అని అర్థమైనా అది ఆకాశంలోని వస్తువేమీ కాదు, ఏదో ఒక కంపెనీ తన సొంత భవనంలో వరుసలుగా పేర్చిన కంప్యూటర్లలో ఇతరులకు ఇచ్చే చోటుకు పెట్టిన ముద్దుపేరు. ఆ చోటు మొదట ఉచితం, తరువాత అద్దె. గూగుల్ ఫొటోస్ కొంత తగ్గించిన నాణ్యతతో ఎన్ని చిత్రాలనైనా ఉచితంగా దాచుకోనిచ్చిన పద్ధతి 2021 జూన్ 1తో ముగిసింది. అప్పటి నుంచి కొత్తగా చేరే చిత్రాలు జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడింటికీ కలిపి ఇచ్చే 15 జీబీల ఉచిత వాటాలోకే లెక్కకు వస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ సందేశాల నకలు కూడా 2024 నుంచి అదే వాటాలో కలిసింది. ఆ వాటా దాటినవారు నెలనెలా చెల్లించాలి, లేదా ఏళ్ల తరబడి పోగైన చిత్రాలను తిరిగి దించుకోవాలి. దించుకోవడానికి ఫోనులో చోటు లేదు కనుకనే కదా అవి అక్కడికి వెళ్లాయి, అందువల్ల చాలామంది అద్దెకే స్థిరపడుతున్నారు.

గోప్యత పట్టణవాసుల సరదా అనీ, దాచవలసింది లేనివారికి దానితో పని లేదనీ భావించేవారు ఇప్పటికీ ఉన్నారు. భారత న్యాయచరిత్ర ఈ మాటకు ఏనాడో జవాబు చెప్పింది, ఆ జవాబులో ఒక తెలుగు గొంతు ఉన్నది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిపై దోపిడీ ఆరోపణ సాక్ష్యం లేక వీగిపోయినా, పోలీసులు అతనిపై నిఘా ఆపక, రాత్రివేళ తలుపు తట్టి లేపుతూ వచ్చిన వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరినప్పుడు, 1962లో అధిక సంఖ్యాక న్యాయమూర్తులు ఆ రాత్రి సోదాలను కొట్టివేసినా గోప్యతను రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కుగా అంగీకరించలేదు. రాజమహేంద్రవరానికి చెందిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు తన భిన్నాభిప్రాయంలో గోప్యత వ్యక్తిస్వేచ్ఛలో విడదీయరాని భాగమని రాశారు. జస్టిస్ పుట్టస్వామి వేసిన కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా చెప్పిన తీర్పు ఆ భిన్నాభిప్రాయాన్నే నిలబెట్టింది; ఆ ధర్మాసనంలో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్ కూడా ఉన్నారు. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టమూ వచ్చింది. అయితే ఆ చట్టానికి పునాది సమ్మతి, అంటే సమాచారం ఇచ్చే మనిషి సరేననడం. ఫోను తెరపై చదవకుండా నొక్కే అనుమతి మీట కూడా యాప్ కంపెనీల లెక్కలో సమ్మతిగానే చెల్లుబాటవుతున్నది.

ఆ ఒక్క మీట ఏమి చేయగలదో తెలుగునాట చేదుగా తెలిసివచ్చింది. తక్షణ రుణం ఇస్తామన్న యాప్‌లు ఫోనులోకి చేరేటప్పుడే పరిచయస్తుల జాబితాను, ఫొటోలను చూడడానికి అనుమతి అడిగేవి. అవసరంలో ఉన్న మనిషి నొక్కేవాడు. వాయిదా ఒక్కరోజు తప్పితే జాబితాలోని బంధువులకు, పై అధికారికి, చివరకు పాలవాడికి కూడా ఫోన్లు వెళ్లేవి, మార్చిన ఫొటోలు అవమానకరమైన రాతలతో చేరేవి. ఆ వేధింపు భరించలేక కొందరు ప్రాణాలు తీసుకొన్న తరువాత, 2020 చివరి నెలలలో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు వరుసగా కేసులు పెట్టి అరెస్టులు చేశారు. రుణ యాప్‌లు ఫోనులోని ఫైళ్లను, పరిచయస్తుల జాబితాను, పిలుపుల చిట్టాను తాకరాదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు 2న మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ వ్యవహారంలో గమనించవలసినది ఏమంటే, వేధింపుకు గురైన బంధువులలో ఏ ఒక్కరూ ఏ అనుమతీ ఇవ్వలేదు. ఒకరి ఫోనులోని గోప్యత ఆ జాబితాలో ఉన్న వందలమందిది కూడా.

ఫోను నుంచి సమాచారం బయటికి పోయే దారులు మూడు అంతస్తులలో ఉంటాయి. అన్నిటికంటే కిందిది ఆపరేటింగ్ సిస్టమ్, అంటే ఫోనును నడిపించే మూల వ్యవస్థ; ఆండ్రాయిడ్, ఐఓఎస్ అటువంటివే. దాని మీద ఫోను తయారుచేసిన కంపెనీ ముందే నింపి పంపిన యాప్‌లు. తక్కువ ధర ఫోన్లలో ఇవి ఎక్కువ, ఎందుకంటే తగ్గించిన ధరలో కొంత భాగం ఆ యాప్‌లూ వాటి ప్రకటనలూ కంపెనీకి రాబట్టి ఇస్తాయి. మూడవ అంతస్తు యజమాని తానే తెచ్చుకొనే యాప్‌లు. డబ్లిన్ ట్రినిటీ కాలేజీ ఆచార్యుడు డగ్లస్ లీత్ 2021లో చేసిన పరిశీలన ప్రకారం, ఏ పనీ చేయకుండా బల్ల మీద ఉంచిన ఫోను కూడా, అది ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా, సగటున నాలుగున్నర నిమిషాలకు ఒకసారి తన మూల సంస్థకు ఏదో ఒక సమాచారం పంపుతున్నది. గూగుల్ ఆ లెక్క కట్టిన పద్ధతిని అంగీకరించలేదు కాని, ఫోను నిద్రపోతున్నప్పుడు నిజంగా నిద్రపోదన్నది ఆ పరిశీలనతో జనానికి తెలిసింది. అదే ఏడాది మరో పరిశీలనలో ఆయన బృందం వివిధ కంపెనీల ఆండ్రాయిడ్ రూపాలను పోల్చి చూసినప్పుడు, /ఇ/ఓఎస్ అనే రూపం తప్ప మిగిలినవన్నీ గణనీయంగా సమాచారం పంపుతున్నట్టు తేలింది.

పెద్దగా చర్చకు రాని దారి మరొకటి ఉన్నది, అది కీబోర్డు. తెలుగులో రాయడానికి చాలామంది ఏదో ఒక కీబోర్డు యాప్‌ను తెచ్చుకొంటారు. ఉత్తరమైనా, మందుల పేరైనా, రహస్య సంకేతమైనా ఫోనులో రాసే ప్రతి అక్షరం ఆ యాప్ చేతుల మీదుగానే పోతుంది. అది ఇంటర్నెట్టును వాడుకొనే కీబోర్డు అయితే రాసినది బయటికి చేరదని నమ్మడానికి కంపెనీ మాట తప్ప మరో ఆధారం లేదు. స్వతంత్ర మలయాళ కంప్యూటింగ్ అనే స్వచ్ఛంద బృందం రూపొందించిన ఇండిక్ కీబోర్డు వంటివి తమ మూల రచనను, అంటే ఆ యాప్‌ను నడిపే ఆజ్ఞల పాఠాన్ని, ఎవరైనా చదివి పరీక్షించుకొనేలా బహిరంగంగా ఉంచాయి. తెలుగు కూడా వాటిలో ఉన్నది. ఇటువంటి బహిరంగ యాప్‌లను ఒకచోట చేర్చిన భండారం ఎఫ్-డ్రాయిడ్.

ఇక నిల్వ. ఎంత నిల్వ కావాలన్నది ఫోనులో ఏమి దాచుకొంటారన్న దానిని బట్టి ఉంటుంది కనుక కొలతలు తెలియాలి. కంప్యూటర్లలో వాడే సంకేత పద్ధతిలో తెలుగు అక్షరాన్ని కూర్చే ఒక్కొక్క గుర్తుకు మూడు బైట్లు పడతాయి. శ్రీ అన్న ఒక్క అక్షరంలో శకారం, దాని పొల్లు, రేఫ, దీర్ఘం కలిసి నాలుగు గుర్తులు కనుక అది పన్నెండు బైట్లు తింటుంది, అదే ఆంగ్లంలో ఒక అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగుకు ఇది అన్యాయంలా తోచవచ్చు, కాని ఆచరణలో దీని బరువు ఏమీ లేదు: పుటకు పదిహేను వందల గుర్తుల చొప్పున మూడు వందల పుటల పుస్తకం అక్షరరూపంలో ఒకటిన్నర ఎంబీ లోపే ఉంటుంది. పన్నెండు మెగాపిక్సెళ్ల మామూలు ఫొటో ఒకటి మూడు నాలుగు ఎంబీలు, అంటే రెండు పుస్తకాల చోటును ఒక ఫొటో ఆక్రమిస్తుంది. ఇరవై నిమిషాల రేడియో ప్రసంగం సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున ముద్రిస్తే పది ఎంబీలకు కాస్త తక్కువ. పుస్తకాలను అక్షరాలుగా గాక బొమ్మలుగా దాచుకొనేవారి సంగతి వేరు. భారత డిజిటల్ లైబ్రరీ పథకంలో స్కాన్ చేసి ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్న పాత తెలుగు గ్రంథాలు ఒక్కొక్కటి పదుల ఎంబీలు ఉంటాయి.

అసలు బకాసురుడు వీడియో. 4కె అనే సూక్ష్మ నాణ్యతలో, సెకనుకు ముప్పై చిత్రాల చొప్పున తీసిన వీడియో కొత్త కుదింపు పద్ధతిలో నిమిషానికి సుమారు 170 ఎంబీలు, పాత పద్ధతిలో దానికి రెట్టింపు తీసుకొంటుంది. జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా పెళ్లిలో ఒక గంటసేపు తీస్తే పది నుంచి ఇరవై జీబీలు పోయినట్టే. దీనికి తోడు కుటుంబ వాట్సాప్ బృందాలలో ప్రతి ఉదయమూ పువ్వుల మధ్య శుభోదయం చెప్పే బొమ్మలు వాటంతట అవే దిగి నిల్వలో కూర్చొంటాయి. ఇది ఆప్యాయతే అయినా చోటు విషయంలో చెదపురుగు లాంటిది, ఆ స్వయంచాలక దిగుమతిని ఆపే సదుపాయం వాట్సాప్ సెట్టింగులలోనే ఉన్నది.

పెట్టె మీద రాసిన అంకెకూ లోపల దొరికే చోటుకూ తేడా ఉండడం మోసమని కొందరు అనుకొంటారు. దానికి కారణం లెక్క పద్ధతి. తయారీదారులు జీబీ అంటే వంద కోట్ల బైట్లని లెక్కిస్తారు. చాలా కంప్యూటర్లు రెండును ముప్పైసార్లు హెచ్చించగా వచ్చే 107 కోట్లకు పైబడిన సంఖ్యను ఒక జీబీగా చూపుతాయి. అందుకే 128 జీబీల కార్డు కంప్యూటర్‌లో 119గా కనబడుతుంది. ఫోను లోపలి నిల్వలో ఆపరేటింగ్ సిస్టమూ ముందే నింపిన యాప్‌లూ కలిసి మరో పది పదిహేను జీబీలకు పైగానే తీసుకొంటాయి. పెట్టె మీద 8, 256 అని రెండు అంకెలు ఉంటే మొదటిది ర్యామ్, అంటే పని జరుగుతున్నంతసేపే వాడే తాత్కాలిక స్థలం, రెండవదే నిల్వ. ఈ మధ్య 8+8 అని ముద్రించి పదహారు జీబీల ర్యామ్ ఉన్నట్టు చూపే ఫోన్లు వస్తున్నాయి. ఆ రెండవ ఎనిమిది నిల్వ నుంచి తీసుకొన్న అప్పు. ముంతలోని బియ్యాన్ని చేటలో పోసి రెండూ నిండుగా ఉన్నాయనడం వంటిదది. నిల్వలో వేగం తేడాలూ ఉన్నాయి: ఈఎంఎంసీ పాతది, నెమ్మదైనది, యూఎఫ్‌ఎస్ ఒకేసారి రాయడం, చదవడం రెండూ చేయగలిగిన కొత్తది, ధర అనుమతిస్తే అదే ఎంచుకోవాలి.

ఈ కొలతలన్నీ కలిపి చూస్తే, ఫోనును నాలుగైదేళ్లు వాడదలచి, ఫొటోలు, వీడియోలు అందులోనే ఉంచుకోవాలనుకొనే మధ్యతరగతి కుటుంబీకుడికి 128 జీబీలు ఇరుకు, 256 జీబీలు సరిపోతాయి. 512 జీబీలు వీడియోలు తీసేవారికి. లోపలి నిల్వను కొన్న తరువాత పెంచడం సాధ్యం కాదు కనుక, డబ్బు తగ్గించుకోవలసి వస్తే కెమెరాలో తగ్గించుకోవడం మేలు, నిల్వలో కాదు.

నిల్వను బయటి నుంచి పెంచుకొనే సాధనం మైక్రో ఎస్‌డీ కార్డు. 2004లో సాన్‌డిస్క్ సంస్థ ట్రాన్స్‌ఫ్లాష్ పేరుతో తెచ్చిన ఈ కార్డుకు 2005లో ఇప్పటి పేరు స్థిరపడింది. పొడవు పదిహేను, వెడల్పు పదకొండు, మందం ఒక మిల్లీమీటరు, అంటే చిటికెన వేలి గోరంత. దాని ముఖం మీద ముద్రించిన గుర్తులు చదవడం తెలిస్తే కొట్టువాడి మాట అక్కరలేదు. హెచ్‌సీ అని ఉంటే 32 జీబీల వరకు, ఎక్స్‌సీ అని ఉంటే ఆ పైన రెండు టీబీల వరకు, టీబీ అంటే వెయ్యి జీబీలు. ఆంగ్ల యు అక్షరం లోపల 3 అంకె గాని, వి30 అని గాని ఉంటే సెకనుకు కనీసం ముప్పై ఎంబీలు తడబడకుండా రాయగలదని, 4కె వీడియోకు అది చాలునని అర్థం. ఎ1, ఎ2 గుర్తులు చిన్నచిన్న ఫైళ్లను వెతికి తెచ్చే చురుకును చెబుతాయి. ఎ1 సెకనుకు 1,500 సార్లు, ఎ2 అయితే 4,000 సార్లు చదవగలగాలి. నకిలీ కార్డులు బజారులో విరివిగా ఉన్నాయి. పైన 512 అని ముద్రించి, ఫోనుకు కూడా 512 అనే అబద్ధం చెప్పి, లోపల 32 జీబీలే ఉండే ఇటువంటి కార్డు నిండే వరకు మంచిదానిలాగే నటించి, ఆ తరువాత చేరిన ఫొటోలను పాత వాటి మీదనే రాసి రెండింటినీ పాడుచేస్తుంది. కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 వంటి ఉచిత పరీక్షలతో కార్డును నిండా రాసి తిరిగి చదివించడమే దీనికి మందు. ఆ పరీక్ష కొన్ని గంటలు పట్టినా కొన్న రోజే చేయాలి.

కార్డు అమరే తావు ఖరీదైన ఫోన్లలో కనుమరుగవుతున్నది. ఐఫోన్‌లో మొదటి నుంచీ లేదు, గూగుల్ పిక్సెల్‌లో ఏనాడూ లేదు, శామ్‌సంగ్ తన ఎస్ శ్రేణిలో 2021 నాటి ఎస్21 నుంచి తీసివేసింది. తక్కువ, మధ్యస్థ ధరల ఫోన్లలో అది ఇంకా మిగిలి ఉన్నది, కాని ఎక్కువగా హైబ్రిడ్ పళ్లెం రూపంలో. పిన్ను గుచ్చి బయటికి లాగితే వచ్చే ఆ చిన్న పళ్లెంలో రెండవ గుంట ఒకటే ఉంటుంది, దానిలో రెండవ సిమ్ పెట్టాలో కార్డు పెట్టాలో యజమాని తేల్చుకోవాలి. ఊళ్లో ఒక కంపెనీ సిగ్నలు, పట్నంలో మరొకటి అందే తెలుగు పల్లెవాసికి రెండు సిమ్‌లు విలాసం కాదు. అటువంటివారు మూడు గుంటలూ విడివిడిగా ఉన్న పళ్లెం చూసి తీసుకోవాలి, లేదా లోపలి నిల్వే ఎక్కువగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి.

గోప్యత దృష్టితో చూస్తే కార్డుకూ లోపలి నిల్వకూ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. 2019లో ఆండ్రాయిడ్ 10 వచ్చినప్పటి నుంచి దానితో విడుదలయ్యే కొత్త ఫోన్లన్నీ లోపలి నిల్వను గుప్తీకరించి తీరాలి. గుప్తీకరణ అంటే తాళంచెవి లేనివారికి అర్థం కాని గుర్తులుగా సమాచారాన్ని మార్చి ఉంచడం, ఇక్కడ ఆ తాళంచెవి యజమాని పెట్టిన రహస్య సంఖ్యతో ముడిపడి ఉంటుంది. కార్డు మామూలుగా అలా ఉండదు. బస్సులో పోయిన ఫోను నుంచి కార్డు తీసి మరో ఫోనులో పెడితే అందులోని ప్రతి చిత్రమూ తెరుచుకొంటుంది. కార్డును కూడా గుప్తీకరించి ఫోనులో భాగంగా కలుపుకొనే పద్ధతి 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చినా చాలా కంపెనీలు దాన్ని తమ ఫోన్లలో ఇవ్వలేదు. ఇచ్చిన చోట ఆ కార్డు ఆ ఒక్క ఫోనులోనే పనిచేస్తుంది, ఫోను పాడైతే కార్డూ చదవడానికి రాదు. అందువల్ల కార్డును గాదెగా వాడుకోవాలి, ఇనప్పెట్టెగా కాదు: ఘంటసాల పాటలు, సినిమాలు, పిల్లల పాఠాల వీడియోలు, స్కాన్ పుస్తకాలు అందులో ఉండవచ్చు; ఆధార్ నకలు, పొలం పాసుపుస్తకం ఫొటో, వైద్య నివేదికలు లోపలి నిల్వలోనే ఉండాలి.

ఈ ప్రమాణాలతో బజారులోని ఫోన్లను చూస్తే అన్నింటా నెగ్గినది ఒక్కటీ కనబడదు. గోప్యతకు అత్యంత పటిష్ఠమైన మార్గంగా పలువురు భద్రతా నిపుణులు గుర్తించినది గ్రాఫీన్‌ఓఎస్, అంటే గూగుల్ సేవలు లేని ఆండ్రాయిడ్ బహిరంగ మూలరచనను తీసుకొని, భద్రతను గట్టిపరిచి లాభాపేక్ష లేని ఒక బృందం తయారుచేసిన వ్యవస్థ. గూగుల్‌ను వదిలించుకోవడానికి గూగుల్ ఫోనే కొనవలసి రావడం ఇందులోని వింత. ఇంతకాలంగా అది ప్రధానంగా పిక్సెల్ ఫోన్ల కోసమే తయారవుతూ వచ్చింది, కారణం ఆ ఫోన్లు మరో వ్యవస్థను ఎక్కించిన తరువాత కూడా మూలపు తాళాన్ని తిరిగి బిగించుకోనివ్వడం, వాటిలో రహస్య సంకేతాలను కాచే టైటన్ అనే ప్రత్యేక చిప్ ఉండడం. ఈ వ్యవస్థలో ప్రతి యాప్‌కూ ఇంటర్నెట్టును పూర్తిగా కత్తిరించే అనుమతి మీట ఉన్నది, కనుక కీబోర్డు భయం అక్కడితో తీరుతుంది. ఇంకా విశేషం, పరిచయస్తుల జాబితా మొత్తం ఇస్తేగాని కదలనని మొండికేసే యాప్‌కు, జాబితా ఇచ్చినట్టే చూపుతూ, యజమాని ఎంచిన రెండు పేర్లు గాని, అసలు ఖాళీ జాబితా గాని అందించే ఏర్పాటు. రుణ యాప్‌ల కాలంలో ఈ సదుపాయం అందరికీ ఉండి ఉంటే అన్న తలపు కలగక మానదు. 2023 నాటి పిక్సెల్ 8 నుంచి ఏడేళ్ల భద్రతా నవీకరణలు ఉన్నాయి. లోపం కార్డు లేకపోవడం, కనుక 256 జీబీల రూపమే తీసుకోవాలి. మరో చిక్కు, కొన్ని బ్యాంకుల యాప్‌లు గూగుల్ ధృవీకరించిన వ్యవస్థ మీదనే పనిచేస్తామని పట్టుబడతాయి. యూపీఐ చెల్లింపులు లేనిదే టీ కొట్టు దగ్గర కూడా పని జరగని ఈ రోజులలో, తమ బ్యాంకు యాప్ అందులో నడుస్తుందో లేదో ముందుగా తెలుసుకోకుండా ఈ మార్గం పట్టరాదు.

నెదర్లాండ్స్‌కు చెందిన ఫెయిర్‌ఫోన్ సంస్థ 2023లో తెచ్చిన ఫెయిర్‌ఫోన్ 5లో 256 జీబీల నిల్వ, రెండు టీబీల వరకు కార్డు, చేత్తో తీసి మార్చుకోగల బ్యాటరీ, 2031 వరకు నవీకరణల హామీ ఉన్నాయి. మాండ్రేక్ లినక్స్ సృష్టికర్త గేల్ దువాల్ ప్రారంభించిన /ఇ/ఓఎస్‌తో కూడా అది వచ్చింది. నిల్వ, గోప్యత రెండూ ఒకచోట కలిసిన ఎంపిక ఇది, కాని భారతదేశపు దుకాణాలలో దీని ఊసు లేదు. ఐరోపాలో చదువుకొంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారు దీన్ని పరిశీలించవచ్చు. మైక్రోఫోను, కెమెరాలను భౌతికమైన మీటతో ఆపివేసే ప్యూరిజమ్ వారి లిబ్రెమ్ 5 అభిరుచి గలవారి ప్రయోగమే గాని ఇంటి ఫోను కాదు.

ఐఫోన్‌లో యాప్‌లు ఇతర యాప్‌లలోకి కూడా మనిషిని వెంబడించడానికి ముందుగా అనుమతి అడగాలన్న నియమం 2021 ఏప్రిల్‌లో వచ్చింది, 2025 నాటి ఐఫోన్ 17లో కనీస నిల్వ 256 జీబీలు. ఐక్లౌడ్‌లో చేరే ఫొటోలను, ఫోను నకళ్లను యాపిల్ కూడా తెరవలేనంతగా గుప్తీకరించే ఉన్నత రక్షణ 2022 డిసెంబరులో వచ్చినా, యజమాని తానే వెళ్లి ఎంచుకొంటే తప్ప అది మొదలు కాదు. ఎక్కువమంది చేతికి వచ్చేది మామూలు ఆండ్రాయిడ్ ఫోనే కనుక, దానిలో చూడవలసిన ప్రధాన విషయం ఎన్నేళ్లు భద్రతా నవీకరణలు ఇస్తారన్నది. నవీకరణ అంటే కొత్తగా బయటపడిన లొసుగులను కంపెనీ పూడ్చి పంపడం, అది ఆగిన ఫోను తలుపు గడియ ఊడిన ఇల్లు. దీర్ఘకాలపు హామీ ఖరీదైన ఫోన్లకే పరిమితమన్న కాలం సడలుతున్నది: 2024లో వచ్చిన గెలాక్సీ ఎ16 వంటి సాధారణ ధర ఫోనుకు కూడా ఆరేళ్ల హామీ, కార్డు గుంట రెండూ ఉన్నాయి. ముందే నింపిన యాప్‌లు అందులో దండిగానే ఉంటాయి. వాటిని తొలగించడమో ఆపివేయడమో కొన్నవారి మొదటి రోజు పని.

ఇల్లు అలకగానే పండుగ కాదన్నట్టు, ఫోను ఎంచుకోవడంతోనే గోప్యత రాదు. సెట్టింగులలో అనుమతుల పట్టిక తెరిచి, టార్చిలైటు యాప్‌కు పరిచయస్తుల జాబితా ఎందుకో, క్యాలెండరుకు మైక్రోఫోను ఎందుకో అడిగి కత్తిరించాలి. ప్రకటనల గుర్తింపు సంఖ్యను తుడిచివేయాలి. వాట్సాప్ నకలు క్లౌడ్‌కు పంపేవారు 2021 అక్టోబరు నుంచి ఉన్న గుప్తీకరణను ఎంచుకోవాలి. నిల్వ ధారాళంగా ఉన్నప్పుడు ఇంటర్నెట్టుతో అవసరమే తగ్గుతుంది: ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడిచే ఆర్గానిక్ మ్యాప్స్‌లో రాష్ట్రం పటం ఒకసారి దించుకొంటే దారి వెతికినప్పుడల్లా ఎక్కడికి పోతున్నదీ మరొకరికి చెప్పనక్కరలేదు, కివిక్స్‌తో వికీపీడియాను కూడా ఫోనులోనే ఉంచుకొని సిగ్నలు లేని చోట చదువుకోవచ్చు. అయితే సిమ్ ఉన్నంతకాలం ఫోను ఏ టవరు నీడలో ఉన్నదో ఆ టెలిఫోను కంపెనీకి తెలుస్తూనే ఉంటుంది, దాన్ని ఏ వ్యవస్థా దాచలేదు. క్లౌడ్‌ను వద్దనుకొన్నవారు మరో బాధ్యత తలకెత్తుకొంటారు: ఫోను నీళ్లలో పడితే పోయేది ఫోను ఒక్కటే కావాలంటే, నెలకొకసారి ముఖ్యమైన ఫొటోలను కేబుల్ ద్వారా ఇంటి కంప్యూటర్‌కో, ఫోనుకే తగిలించే పెన్‌డ్రైవ్‌కో ఎక్కించి, ఆ రెండవ నకలును బీరువాలో ఉంచాలి.

పాత ఫోనును మార్పిడిలో ఇచ్చేటప్పుడు సెట్టింగులలో మొత్తం తుడిచివేసే ఆజ్ఞ ఇస్తే, లోపలి నిల్వ తాళంచెవి నశించి అందులోనిది ఎవరికీ పనికిరాని గుర్తులుగా మిగులుతుంది. ఆ ఆజ్ఞ సాధారణంగా మైక్రో ఎస్‌డీ కార్డును ముట్టుకోదు. కొత్త ఫోను పెట్టె తెరిచే తొందరలో, పిన్ను గుచ్చి పాత ఫోను పళ్లెం లాగి, అందులోని కార్డును బయటికి తీసుకొన్న తరువాతే ఆ ఫోనును కొట్టువాడి చేతిలో పెట్టాలి.